యునానీ సాబ్ ఇంటిపేరు

కెరమోల్ల నాగేందర్‌ను చిన్నప్పుడు బడిలో పిల్లలు క్యారంబోర్డు అని పిలిచేవారు. పెద్దయ్యాక ఆ బాధ తప్పింది గానీ మరొకటి మొదలైంది. తెలుగులో కెరమోల్ల అని ఉండే ఇంటిపేరు ఇంగ్లీషు కాగితాల్లో మాత్రం చివర ఒక ఎస్ తగిలించుకుని కెరమోలిస్ అయ్యేది. తండ్రి ఆగయ్య బడి సర్టిఫికెట్‌లో అలా పడింది. అక్కణ్ణుంచి నాగేందర్ కాగితాల్లోకి, పెళ్లయ్యాక భార్య నీరజ ఓటరు కార్డులోకి, ఆఖరికి కూతురు దీప డిగ్రీ పట్టాలోకి పాకింది. మీసేవలో కూర్చున్న ప్రతివాడూ ఇది తప్పు పడ్డట్టుంది, సరిచేయమంటారా అని అడిగేవాడు. నాగేందర్ వద్దనేవాడు. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మార్చాలి. దానికోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక అతనికి లేదు.

అతనికి యాభై ఏళ్లు. నాచారంలో సీసాల మూతలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మిషన్ల హోరులో ఇరవై ఆరేళ్లుగా పనిచేసి మాటలు తగ్గించుకున్న మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే చేత్తోనో తలతోనో జవాబు చెప్పడం ఇంట్లో కూడా అలవాటైపోయింది.

ఆ ఇంటిపేరు ఎక్కడిదో ఎవరికీ తెలియదు. చుట్టాల్లో లేదు, పక్క ఊళ్లలో లేదు. "మా నాయిన యునానీ" అని మాత్రం ఆగయ్య అప్పుడప్పుడు అనేవాడు. తండ్రి పోయేనాటికి ఆగయ్యకు తొమ్మిదేళ్లు. మనిషి తెల్లగా, పొడుగ్గా ఉండేవాడని, లాలాపేటలో అందరూ యునానీ సాబ్ అని పిలిచేవారని, అంతకుమించి ఆయనకు గుర్తులేదు. నాగేందర్ దాన్ని యునానీ వైద్యం అనుకున్నాడు. తాత హకీం అన్నమాట. పెళ్లిచూపుల్లో మామగారికి అదే చెప్పాడు. నీరజకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు, మీ తాత మందుల పుస్తకమన్నా ఇచ్చిపోలేదేంది అని ఆమె ఎత్తిపొడిచేది కూడా.

ఆగయ్య పోయి పన్నెండేళ్లయింది. ఆయనతో పాటు ఆ సంగతీ ముగిసిపోయేదే, దీపకు ఆ ఉద్యోగం రాకపోయి ఉంటే.

దీప ఉప్పల్‌లో ఒక ఆఫీసులో పనిచేసేది. విదేశాల్లో జనానికి తమ పూర్వీకుల గురించి తెలుసుకోవాలనే పిచ్చి ఉంటుంది. వాళ్లకోసం ఒక కంపెనీ ఇంటిపేర్లన్నీ పోగేసి, ఒక్కో పేరుకు ఒక్కో పేజీ పెడుతుంది. ఆ పేరు ఎక్కడ పుట్టింది, అర్థమేమిటి, ఇవాళ ఏ దేశంలో ఎందరికి ఉంది, ఇవన్నీ ఆ పేజీలో ఉండాలి. కంప్యూటర్ ఓటర్ల జాబితాల్లాంటి వాటినుంచి లెక్కలు పట్టుకొస్తే, వాటిని సరిచూసి నాలుగు పేరాలు రాయడం దీప పని. రోజుకు పన్నెండు పేర్లు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం దీప ఇంటికొచ్చి, భుజాన బ్యాగు కూడా దించకుండా తండ్రి ముందు కూర్చుంది. ఆ రోజు తనకు గ్రీసు దేశపు పేర్లు ఇచ్చారని చెప్పింది. చాలా అరుదైనవి, ముప్పైమందో నలభైమందో మిగిలినవి. అందులో ఒకటి కెరమోలిస్.

కెరమోస్ అంటే ఆ భాషలో కాల్చిన మట్టి, ఇంటిమీది పెంకు. ఒక చిన్న దీవిలో పెంకులు, ఇటుకలు కాల్చే కుటుంబానికి ఆ పేరు పడింది. ఇప్పుడు గ్రీసులో పంతొమ్మిదిమంది, ఆస్ట్రేలియాలో ఆరుగురు, జర్మనీలో ఇద్దరు. ఇక ఇండియా అని ఒక వరస ఉంది. దాన్ని కంప్యూటర్ ఎర్రరంగులో చూపించింది. బహుశా అక్షరదోషం, తీసేయవచ్చు అని దాని కింద రాసి ఉంది.

"టీం లీడర్ కూడా తీసేయమన్నడు డాడీ," అంది దీప. "ఇండియాల ముగ్గురున్నరని ఉంది. ఉప్పల్ నియోజకవర్గం. ఆ ముగ్గురం మనమే."

నాగేందర్‌కు మొదట అర్థం కాలేదు. పేర్లు కలవడం ఎక్కడైనా ఉంటుందన్నాడు. దీప ఫోన్ తీసి, యునాన్ అంటే ఏమిటో చూపించింది. ఉర్దూలో గ్రీసు దేశాన్ని అలాగే అంటారు. యునానీ అంటే గ్రీసువాడు. మందూ కాదు, మాకూ కాదు. అది మనిషి దేశం.

నీరజ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింది. నాగేందర్‌కు తండ్రి ముఖం గుర్తొచ్చింది. తండ్రి ఆగయ్యవి తేనెరంగు కళ్లు. వీధిలో పిల్లలు పిల్లికళ్ల ఆగయ్య అనేవారు. ఆ కళ్లు ఎక్కడివో ఒక్కసారీ అడగలేదే అని అనిపించింది అతనికి.

రాత ఇంకా ఎక్కకపోయినా ఆ పేరుతో ఖాళీ పేజీ ఎప్పట్నుంచో ఉంది, దాని కింద ఎవరైనా సందేశం పెట్టుకునే వీలుంది. ఐదేళ్ల కిందట ఒకామె అక్కడ రాసింది. పేరు ఇరీని. తన తండ్రికి స్తమాతిస్ కెరమోలిస్ అనే అన్న ఉండేవాడని, కొలిమిలో ఇటుకలు పేర్చే పనిమీద 1931లో హైదరాబాదు వెళ్లాడని, యుద్ధం తర్వాత ఏమయ్యాడో తెలియలేదని, ఆయన గురించి తెలిసినవారు ఉంటే దయచేసి రాయమని. ఐదేళ్లలో ఎవరూ రాయలేదు. దీప రాసింది.

మూడో రోజుకే జవాబు వచ్చింది. ఇరీనికి డెబ్బై ఆరేళ్లు. పెళ్లి చేసుకోలేదు. ఆ దీవిలో పాత ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. మేనల్లుడు పెత్రోస్ ఆమె చెప్పిందంతా రాసిపెట్టాడు. మీరు ఉన్నారని తెలిసి మా అత్త నిన్నటినుంచి ఏడుస్తోంది, నవ్వుతోంది అని మొదలైంది ఉత్తరం. స్తమాతిస్ ఎప్పుడు పోయారు, ఎక్కడ పాతిపెట్టారు, ఆఖరి రోజుల్లో ఇంటిని తలచుకున్నారా, ఇవన్నీ అడిగింది. దాంతో పాటు ఒక ఫోటో పంపింది.

అది ఒక పాత కవరు. అద్దం వేసిన చట్రంలో ఉంది. ఇండియానుంచి తమకు చేరిన చివరి వస్తువు అదేనట. స్తమాతిస్ తల్లి కొడుక్కి రాసిన ఉత్తరం, 1949లో తిరిగి వచ్చింది. పైన ఊదారంగు పెన్సిల్‌తో ఏదో భాషలో ఒక వరస రాసి ఉంది. అది కొడుకు చేతిరాతే అని ఆ తల్లి నమ్మింది. అక్కడి భాషలో క్షేమమని రాశాడు అనుకుంది. దేవుడి పటాల పక్కన పెట్టుకుని రోజూ పొద్దున ముద్దుపెట్టుకునేది. ఆమె తర్వాత కోడలు, కోడలి తర్వాత ఇరీని దాన్ని తుడిచి దీపం పెడుతూ వచ్చారు. పెత్రోస్ ఒకసారి ఫోన్‌తో చదివించబోతే అక్షరాలు వెలిసిపోయి ఉండి అది ఏమీ చెప్పలేకపోయింది. దయచేసి మీరు చదివి చెప్పండి, మా తాత అన్న మాకు ఏమి రాశాడు?

ఆదివారం పొద్దున దీప ఆ ఫోటోను పెద్దది చేసి తండ్రికి చూపించింది. గుండ్రంగా, జాగ్రత్తగా, చిన్నపిల్లలు రాసే తీరులో ఉన్నాయి అక్షరాలు.

ఈ పేరుగల మనిశి ఇక్కడ లేడు.

మనిషి అన్న మాటలో తప్పు ఉంది. నాగేందర్ రెండుసార్లు చదివాడు. దీప తండ్రి ముఖం చూస్తూ కూర్చుంది. కాసేపటికి నాగేందర్ లేచి చొక్కా వేసుకుని, రామంతాపూర్ పోయొద్దాం పద అన్నాడు.

రామంతాపూర్‌లో మేనత్త రుక్కమ్మ ఉంది. ఆగయ్యకు నాలుగేళ్లు పెద్ద అక్క, యునానీ సాబ్ కూతురు. ఎనభై నాలుగేళ్లొచ్చినా కన్నూ చెవీ బాగానే పనిచేసేవి. పదిహేనో ఏట పెళ్లయి ఆ ఊరికి వచ్చి, వేరే ఇంటిపేరులోకి మారిపోయింది. ఇప్పుడు కొడుకు కొమురెల్లి దగ్గర, కింది గదిలో ఉండేది. తండ్రి గురించి ఎవరు కదిపినా ఆమె మాట తప్పించేది. చిన్నప్పుడే పోయాడు కదా, గుర్తులేదేమో అనుకునేవాడు నాగేందర్. కానీ ఆ దారిన ఆటోలో కూర్చుని లెక్కవేస్తే, తండ్రి పోయేనాటికి ఆమెకు పదమూడేళ్లు. మరిచిపోయే వయసు కాదది.

రుక్కమ్మ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. దీపను దగ్గరకు రమ్మని బుగ్గలు నిమిరింది. నాగేందర్ పక్కన కూర్చుని, జరిగిందంతా వరసగా చెప్పాడు. గ్రీసు అనగానే ఆమె చేతులు ఆగాయి. ఫోన్ చూపించగానే దాన్ని తీసుకుని, కళ్లకు దూరంగా పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. ఎవరు రాశారో చదవకముందే ఆమెకు తెలిసినట్టుంది.

"నేనే రాసిన," అంది.

తర్వాత ఆమె ఆగలేదు. డెబ్బై అయిదేళ్లు లోపల పెట్టుకున్నది కదా, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా వెతుక్కోలేదు.

"పోస్టాయన ఉత్తరం వట్టుకొని వాకిట్ల నిలవడ్డడు. నాయిన కార్ఖానకు పోయిండు. తిప్పి పంపాల్నంటే ఏం రాయాల్నో అడుగు అన్నది అమ్మ. గాయిన చెప్పిండు, నేను రాసిన. మూడో తరగతి సదువుతున్న అప్పుడు. అక్షరాలు మంచిగొచ్చినయని అమ్మ నా నెత్తి నిమిరింది."

ఒక్కటేనా అని అడిగాడు నాగేందర్. తిప్పి పంపింది ఒక్కటే అంది. మిగిలినవన్నీ పొయ్యిలోకి పోయాయి.

లాలాపేట దగ్గర ఇనుము కరిగించే ఒక కార్ఖానా ఉండేదట. దాని కొలిమి లోపల, మంటకు ఆగే ఇటుకలు పేర్చడం స్తమాతిస్ పని. అక్కడే కూలిపనికి వచ్చిన సత్తమ్మను చేసుకున్నాడు. సత్తమ్మ అన్నదమ్ములు ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు. అవి యుద్ధం రోజులు. ఆయన దేశంలో జనం తిండిలేక చనిపోతున్నారని కార్ఖానాలో ఎవరో చెప్పారు. ఉత్తరాలు ఆగిపోయాయి. ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

"లడాయి అయిపోయినంక మల్ల ఉత్తరాలు మొదలైనయి," అంది రుక్కమ్మ. "అమ్మకు భయం వట్టుకుంది. ఈ మనిషి పోతడు, పోతే మల్ల రాడు అని. పుట్టింటోల్లు ఇడిసిపెట్టిన్రు. గీన పోతే ఇద్దరు పిల్లల్ని ఏసుకొని ఏడికి పోతది? వచ్చిన ఉత్తరం వచ్చినట్టే పొయ్యిల వెట్టింది."

దీప మెల్లగా అడిగింది, మరి ఆయన రాయలేదా అని.

రుక్కమ్మ ఆమె వైపు చూడలేదు. ఒళ్లోని చిక్కుడుకాయల వైపు చూస్తూ చెప్పింది. ఆయన రాసేవాడు. పొద్దున కార్ఖానాకు పోతూ కూతురి చేతికి ఇచ్చి, డబ్బాలో వేయమనేవాడు. పుట్నాలు కొనుక్కో అని చిల్లర ఇచ్చేవాడు. ఆమె పుట్నాలు కొనుక్కునేది, ఉత్తరం తీసుకెళ్లి తల్లికి ఇచ్చేది. మూడేళ్లు అలా జరిగింది.

"అందరు సచ్చిపోయిన్రనుకున్నడు నాయిన. ఒకనాడు గుండు గీయించుకొని వచ్చిండు, మనోల్ల లెక్క. మా అమ్మ సచ్చిపోయింది రుక్కా, నేను ఏం చెయ్యలేదు ఆమెకు అని కూసొని ఏడ్సిండు. ఆమె బతికే ఉన్నదని ఇంట్ల ఇద్దరికి ఎరుక. అమ్మకు, నాకు."

తనకు కోపం వస్తుందేమో అనుకున్నాడు నాగేందర్. రాలేదు. ఎదురుగా ఉన్న ముసలి చేతుల్ని చూశాడు, ఈనెలతో ఆకుపచ్చగా మారిన గోళ్లను చూశాడు. తొమ్మిదేళ్ల పిల్ల ఊదారంగు పెన్సిల్ పట్టుకుని అక్షరాలు దిద్దడం అతని కళ్లముందు కదిలింది. మీ నాయినకు చెప్పకు అని తల్లి ఒట్టు పెట్టించుకుందని, కొలిమి పొగకు రొమ్ము చెడి ఆయన మంచాన పడ్డప్పుడు చెప్పేద్దామని రెండుమూడుసార్లు దగ్గరకు వెళ్లిందని, నోరు పెగల్లేదని రుక్కమ్మ చెబుతూనే ఉంది. ఆఖరి రెండు రోజులు ఆయన తన భాషలోనే మాట్లాడాడట. అది ఇంట్లో ఎవరికీ రాదు.

ఆయన పోయాక సత్తమ్మ అన్నదమ్ములు దిగివచ్చి పిల్లల్ని చేరదీశారు. ఆగయ్యను బడిలో వేసేటప్పుడు ఇంటిపేరు ఏమిటని పంతులు అడిగితే సత్తమ్మ తనకు పలికినట్టు చెప్పింది. తెలుగులో అది కెరమోల్ల అయింది. కార్ఖానా గుర్తింపు కాగితం చూసి ఇంగ్లీషులో మాత్రం పంతులు ఉన్నదున్నట్టు రాసుకున్నాడు. మొగుడి జ్ఞాపకంగా సత్తమ్మ ఉంచుకున్నది ఆ పేరొక్కటే.

ఇంటికి తిరిగొచ్చాక పెత్రోస్‌కు ఏం రాయాలన్న ప్రశ్న వచ్చింది. నాగేందర్ దారిలోనే ఒక నిర్ణయానికి వచ్చాడు. క్షేమంగా ఉన్నాను, దిగులుపడకండి అని రాసి ఉందని చెప్పేద్దామన్నాడు. డెబ్బై ఏళ్లుగా వాళ్లు నమ్మినదే కదా. నీరజ కూడా అదే మంచిదంది. ఆ వయసు మనిషికి ఇది చెప్పి ఏం బాగుపడతాం అంది. దీప ఒప్పుకోలేదు. ఆమె అడిగింది కాబట్టి చెప్పాలంది. రేపు మన భాష వచ్చినవాడెవడైనా చదివి చెబితే, ఇన్నేళ్లకు దొరికిన చుట్టాలు కూడా అబద్ధమాడినట్టు అవుతుందంది.

నాగేందర్ వారం రోజులు వాయిదా వేశాడు. ఈలోగా ఇరీని అడిగిన రెండో సంగతి చూద్దామని, లాలాపేట వైపు రుక్కమ్మ గుర్తులు చెప్పిన పాత క్రైస్తవ శ్మశానానికి వెళ్లాడు. కాపలాదారు అట్టలు ఊడిన రిజిస్టర్ తెచ్చి 1953 తీశాడు. కెరమోలిస్ అనే పేరు లేదు. నెల, కార్ఖానా పేరు, వయసు చూసుకుంటూ పోతే ఒకచోట వేలు ఆగింది. కెర్ మారిస్ అని ఉంది. వయసు నలభై ఏడు, కొలిమి మేస్త్రి. రాసుకున్న గుమాస్తాకు ఆ పేరు అలా వినిపించింది కాబోలు. వరస నంబరు ఉంది గానీ, ఆ వరసలో పాతవాటిమీద కొత్త సమాధులు వచ్చి ముప్పై ఏళ్లయిందని కాపలాదారు చెప్పాడు. ఇది ఆయన స్థలమని చూపించడానికి ఏమీ లేదు. నాగేందర్ ప్రహరీ పక్కనున్న వేపచెట్టును ఫోటో తీసుకున్నాడు. దాన్ని ఎవరికీ పంపలేదు.

మళ్లీ ఆదివారం రుక్కమ్మకు తన ఆలోచన చెప్పాడు. క్షేమమని రాసి ఉందని చెప్పేస్తాను, ఇక ఆ సంగతి ఇంతటితో వదిలేద్దాం అత్తమ్మా అన్నాడు.

రుక్కమ్మ తల అడ్డంగా ఊపింది.

"నా చేత ఒకపారి అబద్ధం రాపిచ్చిన్రు కొడుకా. మల్ల దానిమీద నువ్వొకటి రాయకు. ఆమెతోటి నన్నే మాట్లాడనియ్యి."

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి అందరూ ఆ కింది గదిలో చేరారు. కొమురెల్లి భార్య రాణి ఫ్యాన్ చప్పుడవుతుందని ఆపేసింది. దీప ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టింది. అక్కడ పొద్దున పదిన్నర. తెరమీద నల్లటి స్వెటర్ వేసుకున్న ఒక పెద్దావిడ, పక్కన గడ్డం ఉన్న నడివయసు మనిషి కనిపించారు. రుక్కమ్మ ముందుకు వంగి చూసింది. నాయిన కండ్లు అంది. దీప ఇంగ్లీషులో, పెత్రోస్ వాళ్ల భాషలో చెబితే ఇరీని నవ్వి, రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. తర్వాత గోడకున్న చట్రం తీసి తెరకు దగ్గరగా పట్టుకుంది.

రుక్కమ్మ చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వాక్యం చెప్పి దీప కోసం ఆగేది. దీప చెప్పి పెత్రోస్ కోసం ఆగేది. పొయ్యి దగ్గరకు వచ్చేసరికి దీప తల దించుకుంది. రుక్కమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి, చెప్పు బిడ్డా అంది. గుండు గీయించుకున్న సంగతి దగ్గర అక్కడ పెత్రోస్ ఆగిపోయాడు. ఇరీని అతని భుజం పట్టి కుదిపింది. అతను మిగతాది నేల చూస్తూ చెప్పాడు.

అంతా అయ్యాక ఇరీని చట్రాన్ని ఒళ్లో బోర్లా పెట్టుకుంది. ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. తల్లి బతికి ఉందని ఆయనకు చివరిదాకా తెలియదా?

"తెల్వదు," అంది రుక్కమ్మ. "చెప్పనియ్యలేదు. చెప్పలేదు నేను."

ఇరీని నెమ్మదిగా ఏదో అంది. పెత్రోస్ చెప్పాడు: ఆ తల్లి 1961దాకా బతికింది, ప్రతి పండక్కీ కొడుక్కి ఒక కంచం పెట్టేది, ఎవరైనా తీయబోతే ఊరుకునేది కాదు. ఆ మాటలు దీప తెలుగులోకి తేవడం పూర్తికాకముందే ఇరీని లేచి తెరలోంచి పక్కకు వెళ్లిపోయింది. ఖాళీ కుర్చీ కొంతసేపు కనిపించింది. పెత్రోస్ క్షమించమని చెప్పి కాల్ ఆపేశాడు. రాణి లేచి ఫ్యాన్ వేసింది.

అక్కడినుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. దీప రెండుసార్లు రాసింది. మూడు వారాల తర్వాత పెత్రోస్ నాలుగు ముక్కలు పంపాడు. అత్త ఆ గోడ వైపు చూడటం లేదు. కోపంగా ఉందో లేదో తనకూ తెలియడం లేదు. ఇప్పట్లో ఏమీ అడగవద్దు.

ఆఫీసులో దీప ఆ పేజీ పూర్తిచేసింది. ఇండియా వరస ఉంచాలని ఆధారాలతో సహా వాదించింది. టీం లీడర్ మంచివాడే, విన్నాడు. కానీ అంత తక్కువమంది ఉన్న దేశాలను విడిగా చూపించకూడదని పైనుంచి కొత్త నియమం వచ్చింది. జర్మనీ ఇద్దరినీ వీళ్ల ముగ్గురినీ కలిపి, ఇతర దేశాల్లో ఐదుగురు అని వేశారు. దీప ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాగేందర్ పోనీలే అన్నట్టు చెయ్యి ఊపాడు.

అతను ప్రతి ఆదివారం రామంతాపూర్ వెళ్లడం మాత్రం మానలేదు. ఇదివరకు ఆరునెలలకొకసారి పోయేవాడు. ఇప్పుడు వారం తిరిగేసరికి కాళ్లు అటే లాగేవి. రుక్కమ్మ అడిగేది కాదు. అతను గుమ్మంలోకి రాగానే ముందు ముఖం వైపు, తర్వాత చేతిలో ఫోన్ వైపు చూసేది. అతను చెప్పులు విప్పుతూ తల అడ్డంగా ఊపేవాడు. ఆమె పక్కకు జరిగి చోటిచ్చేది. తర్వాత తండ్రి గురించి ఏదో ఒకటి చెప్పేది. నాయిన పాలలో రొట్టె నానబెట్టుకుని తినేవాడని, రుక్కమ్మ అనడం రాక రుకామా అనేవాడని, ఎండాకాలం సాయంత్రాలు వాకిట్లో నీళ్లు చల్లి ఆగయ్యను భుజాలమీద తిప్పేవాడని. ఇన్నేళ్లు దాచుకున్న మనిషి ఇప్పుడు దేన్నీ మిగుల్చుకోవడం లేదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, నేను చెప్పి ఉంటే పోయెటోడు, పోయి తల్లిని సూసెటోడు అనేది. మరి మీరంతా ఏమయ్యేవారు అని నాగేందర్ ఒకసారి అడిగాడు. ఏమో అంది. ఎట్లన్న బతికెటోల్లం అంది.

జూన్‌లో మొదటి వానలు పడ్డాయి. రుక్కమ్మ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఈ వయసులో ఆపరేషన్ కష్టమన్నారు. దవాఖానానుంచి ఇంటికి తీసుకొచ్చాక ఆమె తిండి తగ్గించేసింది. నాగేందర్ ఫ్యాక్టరీకి సెలవు పెట్టి వెళ్లాడు. ఆటోలో కూర్చుని, ఈసారి చెప్పేద్దాం అనుకున్నాడు. ఆమె రాసింది అత్తమ్మా, మాఫ్ చేసిన అన్నది అని. ఒక్క మాట. మనిషి హాయిగా పోతుంది. ఆ వాక్యాన్ని లోపల నాలుగైదుసార్లు అనుకుని సరిచూసుకున్నాడు కూడా.

రుక్కమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. అతను వంగితే చెయ్యి పట్టుకుంది. మొదటిసారి నోరు తెరిచి అడిగింది.

"ఏమన్న రాసిందా?"

చెప్పాలనుకున్న మాట గొంతుదాకా వచ్చింది. ఆ కళ్లు చూస్తే అది బయటకు రాలేదు.

"రాలేదత్తమ్మా," అన్నాడు.

రుక్కమ్మ కొంతసేపు పైకప్పు చూసింది. "ఎట్ల రాస్తది," అంది. చెయ్యి మాత్రం వదల్లేదు. మూడో రోజు పొద్దున పోయింది.

దీప పెత్రోస్‌కు ఆ సంగతి రెండు వాక్యాల్లో తెలియజేసింది. జవాబు వస్తుందని ఎవరూ అనుకోలేదు. దినాలు అయిపోయాక నాగేందర్ మళ్లీ షిఫ్టుకు వెళ్లాడు. ఒకరోజు మధ్యాహ్నం, మిషన్ ఆపి అచ్చు మారుస్తుంటే దీప ఫోన్‌కు ఏదో పంపింది. చేతులు తుడుచుకుని, హోరు తక్కువగా ఉండే గోడౌన్ వైపు వెళ్లి తెరిచాడు. పెత్రోస్ రాసింది, కింద దీప తెలుగులో రాసిపెట్టింది.

ఆదివారం అత్త చర్చికి వెళ్లింది. చాలా నెలల తర్వాత ఇల్లు కదిలింది. చనిపోయినవాళ్ల పేర్లు చదివే సమయంలో రెండు పేర్లు చీటీమీద రాసి ఇచ్చింది. స్తమాతిస్, ఆయన కూతురు రుక్కమ్మ కెరమోలి. మా దగ్గర ఆడవాళ్లకు పేరు అలా మారుతుంది. రెండో పేరు పలకడం పూజారికి రాలేదు. అత్త లేచి నిలబడి తనే పలికింది.

నాగేందర్ మొదటినుంచి మళ్లీ చదివాడు. మాఫ్ అన్న మాట ఎక్కడైనా ఉందేమో అని చూశాడు. లేదు. ఇంకో ఉత్తరం రాస్తామని గానీ, మీరు రాయండని గానీ లేదు. అత్తమ్మ ఉండగా ఒక్క ముక్క వచ్చి ఉంటే అనుకున్నాడు. మూతల అట్టపెట్టెలమీద కూర్చుని, కళ్లు తుడుచుకుని, రామంతాపూర్‌కు ఫోన్ చేద్దామని నంబరు నొక్కబోయాడు. అక్కడ ఇప్పుడు ఈ మాట ఎవరికి చెప్పాలో తోచలేదు. లోపలినుంచి ఎవరో అచ్చు బిగించడం అయిపోయిందని కేక వేశారు. ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.